చెప్పని మాటల చరిత్ర

సెలెస్ట్ ఇంగ్ 2014లో వెలువరించిన ‘ఎవ్రీథింగ్ ఐ నెవర్ టోల్డ్ యూ’ నవల ఒక చావుతో ఆరంభమవుతుంది. 1977లో, ఒహాయో రాష్ట్రంలో, పదహారేళ్ల లిడియా చెరువులో మునిగి చనిపోతుంది. తండ్రి జేమ్స్ చైనీయుల బిడ్డ. తల్లి మారిలిన్ తెల్లజాతి స్త్రీ.

దీనిని కేవలం ఒక కుటుంబ గాథగా చదివేవారు పొరబడుతున్నారు. ఆ ఇంటి మౌనానికి చరిత్ర ఉన్నది. రైలుమార్గాలు వేయడానికి చైనా కూలీల చేతులు కావలసివచ్చిన అమెరికా, 1882లో వారి రాకనే నిషేధించింది. ఆ చట్టాన్ని దాటడానికి వేలాదిమంది పరాయివారి కొడుకులమని కాగితాలు చూపి, లేని పేర్లతో ప్రవేశించారు. పట్టుబడతామన్న భయంతో అసలు పేరు పిల్లలకు సైతం చెప్పని వారెందరో! రహస్యం వారి జాతి స్వభావం కాదు. చట్టం వారిచేత దాయించినది. 1943లో నిషేధం తొలగినా ఏడాదికి 105 మందికే అనుమతి. జేమ్స్, మారిలిన్‌లు 1958లో పెళ్లాడేనాటికి జాతులు కలిసే పెళ్లి అనేక రాష్ట్రాలలో నేరం. 1967లో గాని సుప్రీంకోర్టు ఆ చట్టాలను కొట్టివేయలేదు.

అందరిలో ఒకడు కాలేకపోయిన తండ్రి ఆశ, డాక్టరు కాలేకపోయిన తల్లి ఆశ, రెండూ ఆ పిల్ల నెత్తినే పడ్డాయి. అయితే, పొట్టకూటికి స్కూల్లో పనిచేసిన జేమ్స్ తల్లిదండ్రుల శ్రమజీవితాన్ని రచయిత్రి కొద్ది పుటలతో సరిపెట్టింది. అది లోపమే.

1965 నాటి చట్టం తెరిచిన తలుపులోంచే మన తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు అమెరికా చేరారు. అక్కడి ఇళ్లలోనేకాదు, ఇక్కడ మన తరగతులలోనూ పెద్దల తీరని కోరికలు మోసే పిల్లలున్నారు. వారు చెప్పని మాట వినడం ఉపాధ్యాయులమైన మన విధి కాదా?