సీజన్ పాస్ రెన్యువల్: డబ్బు కట్టే ముందు చూసుకోవాల్సిన సంగతులు

హైదరాబాద్‌లో అమ్యూజ్‌మెంట్ పార్కు అంటే చాలామందికి ఒకరోజు ముచ్చట. రావిర్యాల దగ్గర 2016లో తెరుచుకున్న వండర్‌లాకో, రామోజీ ఫిల్మ్ సిటీకో పొద్దున టికెట్ తీసుకుని వెళ్తారు, రాత్రికి ఇల్లు చేరుతారు. ఆ లెక్క అక్కడితో ముగుస్తుంది. అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాల సంగతి వేరు. షికాగో, డల్లాస్, న్యూజెర్సీ, బే ఏరియా ప్రాంతాల్లో పిల్లలున్న ఇళ్లలో చాలామంది సీజన్ పాస్ తీసుకుంటారు. ఒకసారి డబ్బు కడితే ఆ సీజన్ అంతా ఎన్నిసార్లైనా వెళ్లొచ్చు. చిక్కు రెండో ఏడాది మొదలవుతుంది. పాస్ రెన్యూ చేయాలా వద్దా అని ఇంట్లో ఇంకా ఆలోచిస్తుండగానే కార్డులోంచి డబ్బు వెళ్లిపోయి ఉంటుంది. కొన్నిసార్లు పాత పాస్‌లో ఉన్న సౌకర్యం కొత్తదాంట్లో ఉండదు. ఒక్కోసారి ఆ పార్కే మూతపడుతుంది.

సీజన్ పాస్, మెంబర్‌షిప్ ఒకటి కావు

పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. గేటు దగ్గర ఫోన్‌లో బార్‌కోడ్ చూపిస్తే చాలు, లోపలికి పంపుతారు. ఒప్పందం మాత్రం వేర్వేరు. మామూలు సీజన్ పాస్‌కు గడువు ఉంటుంది. ఆ తేదీ దాటితే అది చెల్లదు. దానికి నెలవారీ కిస్తీలు పెట్టుకున్నా, కట్టేది ఆ ఒక్క సీజన్ ధరే. మెంబర్‌షిప్‌లో సాధారణంగా కనీసం 12 నెలలు కట్టాలి. ఆ తర్వాత మీరు ఆపేదాకా నెలనెలా డబ్బు పోతూనే ఉంటుంది. కొన్ని చోట్ల కిస్తీల మీద తీసుకున్న సీజన్ పాస్‌కూ ఆటో రెన్యువల్ షరతు కలిపి ఉంటుంది.

అందుకే ముందు చూడాల్సింది ధర కాదు, రసీదు. కొన్న రోజు వచ్చిన ఈమెయిల్ తెరిచి మూడు విషయాలు వెతకండి: గడువు తేదీ, ఆటో రెన్యువల్ షరతు ఉందా లేదా, ఆపాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. ఈ మూడూ తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఆగస్టు, సెప్టెంబర్‌లోనే ఎందుకు అమ్ముతారు?

చలి ప్రాంతాల్లో పార్కులు ఏడాది పొడవునా నడవవు. షికాగోకు ఉత్తరాన గర్నీలో ఉన్న సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అమెరికా వసంతంలో తెరుచుకుంటుంది. హాలోవీన్ అయ్యాక సందడి తగ్గిపోతుంది. చలికాలంలో గేటు ఆదాయం ఉండదు కాబట్టి వచ్చే ఏడాది పాస్‌లను కంపెనీలు ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదట్లో వచ్చే లేబర్ డే చుట్టూ అమ్మకానికి పెడతాయి. అప్పుడే ధర తక్కువగా ఉంటుంది. పైగా వచ్చే ఏడాది పాస్ ఇప్పుడే కొంటే ఈ ఏడాది మిగిలిన రోజులూ దాంతోనే వెళ్లొచ్చని చెబుతారు.

కొత్తగా కొనేవాళ్లకు ఇది లాభమే. పాత పాస్ ఉన్నవాళ్లకు మాత్రం ఆ మిగిలిన రోజులు ముందే కొన్నవి. కాబట్టి రెన్యువల్ ధరలో తగ్గింపు నిజంగా ఎంత అన్నది విడిగా చూసుకోవాలి. పాత సభ్యుడికి ఇచ్చే ధర, కొత్తవాళ్లకు ఇచ్చే ధర పక్కపక్కన పెట్టి చూడండి. కొన్నిసార్లు కొత్త పాసే చవగ్గా దొరుకుతుంది.

గడువు దాటితే నష్టం ఉందా?

కొన్ని చోట్ల ఉంటుంది. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ 2021 నవంబర్‌లో కొత్త వార్షిక పాస్‌ల అమ్మకం చాలా వరకు ఆపేసింది. మళ్లీ మొదలుపెట్టింది 2023 ఏప్రిల్ 20న. ఆ ఏడాదిన్నర కాలంలో పాత పాస్ ఉన్నవాళ్లు మాత్రం రెన్యూ చేసుకోగలిగారు. గడువు వదిలేసుకున్నవాళ్లు మళ్లీ కొందామంటే వాళ్లకు కావాల్సిన పాస్ దొరకలేదు. అమ్మకాలకు పరిమితి పెట్టే పార్కుల్లో రెన్యువల్ అంటే క్యూలో మన చోటు నిలుపుకోవడమే. ఎప్పుడూ అమ్మే పార్కుల్లో ఆ తొందర అక్కర్లేదు. పార్కు తెరిచే ముందు వసంతంలోనూ ఆఫర్లు వస్తుంటాయి.

పాత పేరు, కొత్త షరతులు

రెన్యూ అంటే పాతదే మళ్లీ వస్తుందని అనుకుంటాం. కంపెనీ దృష్టిలో అది కొత్త ఒప్పందం. మధ్యలో పాస్ రకాలు మారొచ్చు, పార్కింగ్ విడిపోవచ్చు, రద్దీ రోజులు బ్లాకౌట్ తేదీల్లోకి వెళ్లిపోవచ్చు. జులై 4, లేబర్ డే వారాంతం, అక్టోబర్ శనివారాలు లాంటి రోజుల్లో తక్కువ ధర పాస్ చెల్లకపోవచ్చు. ఇండియా నుంచి అమ్మమ్మ, తాతయ్య వచ్చినప్పుడు, ఈద్, దసరా సెలవుల్లో వెళ్లేవాళ్లు తమ తేదీలు ఆ జాబితాలో ఉన్నాయేమో ముందే చూసుకోవాలి.

కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్ అనుభవం దీనికి మంచి ఉదాహరణ. 2021 ఆగస్టులో అక్కడ మ్యాజిక్ కీ పేరుతో కొత్త పాస్‌లు తెచ్చారు. అన్నిటికన్నా ఖరీదైన డ్రీమ్ కీ ధర 1,399 డాలర్లు. దానికి బ్లాకౌట్ తేదీలు లేవని ప్రకటించారు. తీరా చూస్తే ఏ రోజు వెళ్లాలన్నా ముందుగా రిజర్వేషన్ చేసుకోవాలి. టికెట్లు అమ్ముతున్న రోజుల్లోనూ పాస్ ఉన్నవాళ్లకు రిజర్వేషన్ దొరకడం లేదంటూ ఒక మహిళ కోర్టుకెళ్లారు. తప్పు ఒప్పుకోకుండానే కంపెనీ 95 లక్షల డాలర్లకు రాజీపడింది. పాస్ కొన్న లక్షమందికి పైగా జనానికి పంచితే ఒక్కొక్కరికి దక్కింది సుమారు 67 డాలర్లు. దీన్నిబట్టి రెన్యూ చేసేముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఏ రోజులు చెల్లదు? చెల్లే రోజుల్లో రిజర్వేషన్ కావాలా?

ఆటో రెన్యువల్: చట్టం ఎంతవరకు కాపాడుతుంది?

అమెరికాలో 2010లో వచ్చిన ఒక కేంద్ర చట్టం ప్రకారం, ఆన్‌లైన్‌లో ఆటో రెన్యువల్ పెట్టే కంపెనీ షరతులను స్పష్టంగా చూపాలి, కొనేవారి సమ్మతి తీసుకోవాలి, ఆపడానికి సులువైన దారి ఇవ్వాలి. చేరినంత సులువుగా బయటికి రావాలంటూ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 అక్టోబర్‌లో ఇంకా గట్టి నిబంధన తెచ్చింది. అది పూర్తిగా అమల్లోకి రాకముందే, 2025 జులైలో, ఒక అప్పీళ్ల కోర్టు దాన్ని కొట్టేసింది. అందువల్ల రాష్ట్ర చట్టాలు ముఖ్యమవుతున్నాయి. కాలిఫోర్నియాలో ఆన్‌లైన్‌లో చేరినవాళ్లు ఆన్‌లైన్‌లోనే ఆపుకోవచ్చు. ఏడాది, అంతకు మించిన ఒప్పందాలకు రెన్యువల్‌కు 15 నుంచి 45 రోజుల ముందు నోటీసు పంపాలి. అన్ని రాష్ట్రాల్లో ఇంత రక్షణ లేదు.

ఇండియాలో కార్డుల విషయంలో రిజర్వ్ బ్యాంక్ నియమం మేలుగా ఉంది. 2021 అక్టోబర్ నుంచి, ఆటోమేటిక్‌గా డబ్బు కోసే ముందు కనీసం 24 గంటల ముందు బ్యాంకు సమాచారం ఇవ్వాలి. 2022లో పెంచిన పరిమితి ప్రకారం మామూలుగా 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ అడగాలి. 2023లో కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లలో సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు కూడా ఒకటి. ఇక్కడ జిమ్, ఓటీటీ, క్లబ్బు సభ్యత్వాల్లో ఇబ్బంది వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు.

ఊరు మారేవాళ్లు, ఇండియాకు తిరిగొచ్చేవాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. ఉద్యోగం పోయిందనో, వీసా అయిపోయిందనో ఒప్పందం దానంతటదే ఆగదు. కార్డు బ్లాక్ చేస్తే రద్దయినట్టు కాదు, కంపెనీ లెక్కలో బాకీ అలాగే ఉండొచ్చు. ముందు రద్దు చేసుకుని, నిర్ధారణ ఈమెయిల్ దాచుకుని, ఆ తర్వాతే బ్యాంకు ఖాతా మూసేయాలి. రద్దు చేశాక కూడా క్రెడిట్ కార్డులో డబ్బు పడితే, ఆ బిల్లు పంపిన 60 రోజుల్లోపు కార్డు కంపెనీకి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పొచ్చు.

పార్కే మూతపడితే?

సాధారణంగా పాస్ డబ్బు వాపసు ఉండదు, పాస్ ఇంకొకరికి మార్చుకోవడానికీ కుదరదు. కోవిడ్ వల్ల 2020 మార్చిలో మూతపడిన డిస్నీల్యాండ్ మళ్లీ తెరుచుకున్నది 2021 ఏప్రిల్ 30న. మధ్యలో జనవరిలో పాత వార్షిక పాస్‌ల పథకాన్నే ఎత్తేసి, అర్హులకు మిగిలిన రోజుల లెక్కన డబ్బు తిరిగిచ్చింది. గడువు పొడిగిస్తారా, డబ్బు ఇస్తారా అన్నది చాలావరకు కంపెనీ షరతులను బట్టే ఉంటుంది.

వాషింగ్టన్ పక్కన మేరీల్యాండ్‌లో ఉన్న సిక్స్ ఫ్లాగ్స్ అమెరికా 2025 నవంబర్ 2న శాశ్వతంగా మూతపడింది. సిక్స్ ఫ్లాగ్స్, సెడార్ ఫెయిర్ కంపెనీలు 2024 జులై 1న ఒక్కటయ్యాయి. అప్పటికి ఆ కొత్త సంస్థ చేతిలో 27 అమ్యూజ్‌మెంట్ పార్కులు, 15 వాటర్ పార్కులు ఉన్నాయి. ఒక పార్కు పోయినా మిగతావి ఉన్నాయి కదా అనిపిస్తుంది. వాషింగ్టన్ పరిసరాల్లోని కుటుంబానికి ఆ సంస్థకే చెందిన కింగ్స్ డొమినియన్ వర్జీనియాలో, రిచ్‌మండ్ దరిదాపుల్లో ఉంది. శనివారం సాయంత్రం రెండు గంటలు పిల్లల్ని తిప్పుకొచ్చేంత దగ్గర కాదది.

బే ఏరియావాళ్లకూ ఈ ప్రశ్న ఉంది. సాంటా క్లారాలోని గ్రేట్ అమెరికా 1976లో మొదలైంది. దాని కింది భూమిని 2022లో సుమారు 31 కోట్ల డాలర్లకు ప్రోలాజిస్ అనే సంస్థకు అమ్మేశారు. లీజు పొడిగించకపోతే 2027 సీజన్ తర్వాత పార్కు ఉండకపోవచ్చని సంస్థ చెప్పింది. ఇలాంటి చోట ఒక్క సీజన్‌కు మించి ముందస్తు డబ్బు కట్టకపోవడమే మంచిది.

పిల్లల వేలిముద్ర అడిగితే

పాస్ ఇంకొకరు వాడకుండా కొన్ని పార్కులు ఫోటో తీస్తాయి, కొన్ని వేలిముద్ర తీసుకుంటాయి. 2014లో గర్నీ పార్కులో స్కూలు ట్రిప్‌కు వెళ్లిన 14 ఏళ్ల బాలుడి నుంచి సీజన్ పాస్ కోసం బొటనవేలి ముద్ర తీసుకున్నారు. తనకు చెప్పలేదు, రాతపూర్వక అనుమతి అడగలేదు అంటూ తల్లి కేసు వేశారు. ఇలినాయ్‌లో బయోమెట్రిక్ సమాచారంపై 2008 నుంచే చట్టం ఉంది. వేరే నష్టం ఏదీ చూపించకపోయినా, చట్టం ఉల్లంఘించడమే కేసు వేయడానికి చాలని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2019 జనవరి 25న తేల్చింది. తర్వాత 3.6 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది.

ఒక తల్లి వేసిన ఆ కేసు ఇప్పుడు ఇలినాయ్ అంతటా ఆఫీసుల్లో, దుకాణాల్లో వేలిముద్రల వాడకాన్ని ప్రభావితం చేస్తోంది. రెన్యూ చేసేటప్పుడు పాత ముద్ర ఎన్నాళ్లు ఉంచుతారు, ఎప్పుడు చెరిపేస్తారు, దానికి బదులు ఫోటో చాలదా అని అడిగే హక్కు తల్లిదండ్రులది.

లెక్క ఇలా వేసుకోవాలి

ఊహకు ఒక లెక్క చూద్దాం. పాస్ మనిషికి 100 డాలర్లు, ఒకరోజు టికెట్ 50, పార్కింగ్ 30 అనుకోండి. ఇంట్లో నలుగురు. పాస్‌లో పార్కింగ్ లేకపోతే రెండుసార్లు వెళ్లినా ఖర్చు 460, టికెట్లు కొని వెళ్లినా అంతే 460. మూడోసారి నుంచే లాభం. పార్కింగ్ పాస్‌లోనే ఉంటే రెండోసారికే 60 డాలర్లు మిగులుతాయి. కారుకు ఒక్క పాస్‌లో పార్కింగ్ ఉంటే చాలు కాబట్టి, నలుగురికీ ఖరీదైన రకం అక్కర్లేదు.

భోజనం ప్లాన్ విడిగా లెక్కించాలి. హలాల్ లేదా శాకాహారం మాత్రమే తినే కుటుంబాలకు అక్కడ దొరికేవి కొద్దిగానే ఉంటే, ఆ ప్లాన్ డబ్బు వృథా. అది పాస్‌తో కలిసి రెన్యూ అవుతోందేమో కూడా చూడాలి.

అన్నిటికన్నా నిజం చెప్పేది పోయినేడు. వచ్చే వేసవిలో ఎన్నిసార్లు వెళ్దామనుకుంటున్నారో పక్కన పెట్టి, గడిచిన వేసవిలో నిజంగా ఎన్నిసార్లు వెళ్లారో ఫోన్‌లో ఫోటోలు తిప్పి చూడండి. రెండుకు మించకపోతే ఆటో రెన్యువల్ ఆపేసి, అవసరమైన రోజు టికెట్ కొనుక్కోవచ్చు. రెన్యూ చేయాలనే అనుకుంటే గడువుకు నెల ముందు ఫోన్‌లో ఒక అలారం పెట్టుకోండి. ఆ రోజు షరతుల పేజీ ఒకసారి చదివి, స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకుని, అప్పుడు డబ్బు కట్టండి.