ఏలీయా దుప్పటి ఎవరి మీద పడెను?



శతజయంతి అనగా పాత సంగతులు తలంచుకొను సమయము. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో ఏ సంఘమునకు పోయినను, “మా ఊరికి మొదట సువార్త తెచ్చినది ఫలానావారు” అని ఒక పెద్ద చెప్పును. ప్రక్క వీధి పెద్ద మరియొక పేరు చెప్పును. ఇద్దరును మంచివారే. మరి ఏది నమ్మవలెను? ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు మనది కాని ఒక సంఘ చరిత్రను మీ ముందుంచుచున్నాను.

మోర్మను సంఘము పేరు మనలో కొందరు విని యుందురు. సమోవాలో ఆ సంఘమున చేరిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాదు రాగా, వారి బంధువులలో 22 మంది బాప్తిస్మము పొందిరి. మోర్మను గ్రంథములోని కొన్ని భాగములు 1982లో తెలుగున అచ్చయ్యెను. 2012లో హైదరాబాదులో, మన డయాసిస్ వంటి వారి విభాగము భారతదేశమున మొదటిసారిగా ఏర్పడెను. వారి బోధను విమర్శించుట ఇక్కడ నా పని కాదు. వారి తొలినాటి నాయకత్వ వివాదమును మాత్రమే చెప్పెదను.

స్థాపకుడైన జోసెఫ్ స్మిత్‌ను 1844 జూన్ 27న అమెరికాలోని కార్తేజి చెరసాలలో అల్లరి మూక కాల్చి చంపెను. తరువాత నాయకుడెవరు? అదే సంవత్సరము ఆగస్టు 8న నావూ పట్టణములో సభ జరిగెను. స్థాపకుని సహాయకుడైన సిడ్నీ రిగ్డన్ సంఘ సంరక్షణ తనకు చెందునని వాదించెను. పండ్రెండుగురు అపొస్తలుల పక్షమున బ్రిగమ్ యంగ్ మాటలాడెను. అధిక సంఖ్యాకులు పండ్రెండుగురి వైపు నిలిచిరి. జేమ్స్ స్ట్రాంగ్ అను మూడవ వ్యక్తి, జోసెఫ్ తన్ను నియమించెనని ఒక ఉత్తరము చూపెను. ఆ ఉత్తరము నేటికిని భద్రముగా నున్నది గాని, అందలి సంతకము జోసెఫ్ చేవ్రాలు కాదని పరిశోధకుల అభిప్రాయము. 1860లో మరికొందరు స్థాపకుని కుమారుని అధ్యక్షునిగా ఎన్నుకొనిరి.

ఆగస్టు 8 సభలో బ్రిగమ్ యంగ్ ముఖము, స్వరము జోసెఫ్ వలె మారెనని, ఏలీయా దుప్పటి ఎలీషాకు వచ్చినట్లు ఆయనకు అధికారము వచ్చెనని అనేకులు సాక్ష్యమిచ్చిరి. అయితే ఆ సాక్ష్యములలో చాలా భాగము ఎన్నో ఏండ్ల తరువాత వ్రాయబడినవి. ఆ దినములలోనే వ్రాసిన సభా వివరములలో ఆ అద్భుతమును గూర్చి స్పష్టమైన మాట కనబడదు. సాక్షులు అబద్ధమాడిరని దీని అర్థము కాదు. జ్ఞాపకము కాలముతో పాటు పెరుగును. ఇతరుల మాటలు విని విని మన జ్ఞాపకములో చేర్చుకొందుము.

బహుభార్యాత్వము సంగతియు అట్టిదే. జోసెఫ్ దానిని ఆచరింపలేదని ఆయన భార్య ఎమ్మా 1879లో మరణించు వరకు చెప్పెను. ఆమె కుమారుని పక్షమువారును చాలా కాలము అట్లే చెప్పిరి. యూటా పక్షమువారు 1869 నుండి స్త్రీల ప్రమాణ పత్రములు సేకరించి ఎదురు నిలిచిరి. తుదకు 2014లో యూటా సంఘము తన స్థాపకుని బహు వివాహములను గూర్చి బహిరంగముగా ఒక వ్యాసము ప్రకటించెను. నూట డెబ్బది ఏండ్లు గడచినను నిజము చెప్పుట సంఘమునకు నష్టము కాదని వారు గ్రహించిరి కాబోలు.

మనము వారిని చూచి గర్వింప పనిలేదు. జోసెఫ్ స్మిత్ బ్రతికి యుండగానే, 1842 జూలై 31న ఫాదర్ హయ్యరు గారు గుంటూరు చేరిరి. ఆయనను పంపిన అమెరికా లూథరన్లు 1867లో రెండుగా చీలిరి. రాజమండ్రి మిషనును వేరొక సంఘమునకు అప్పగింపబోవుచుండగా, 76 ఏండ్ల వయస్సులో హయ్యరు గారు మరల వచ్చి దానిని నిలిపిరి. రెండు మిషనుల సంఘములు 1927లో గాని ఏకము కాలేదు. మన తండ్రుల మధ్యను భేదములుండెను. వాటిని దాచిన చరిత్ర సగము చరిత్రయే.

లూకా తన సువార్త మొదట తాను కన్నులార చూచినవారి మాటలు విచారించి వరుసగా వ్రాసితినని తెలుపుచున్నాడు. మనమును ఆ పని చేయవలెను. పెద్దలు చెప్పిన సంగతితో పాటు, చెప్పినవారు ఎవరు, తాము చూచిరా, వినిరా, ఎప్పుడు చెప్పిరి అనునవి కూడ వ్రాయుడి. బాప్తిస్మ రిజిస్టరుతోను, గుడి పునాది రాతితోను సరిచూడుడి. రెండు మాటలు కలియనిచో రెండును వ్రాయుడి, ఒకదానిని చెరిపివేయకుడి.

1977 నవంబరు 19 నాటి తుపానును చూచినవారు రేపల్లె, బాపట్ల సంఘములలో ఇంకను కొందరున్నారు. ఆ రాత్రి ఎవరు ఎవరిని కాపాడిరో, ఏ గుడిలో ఎందరు తలదాచుకొనిరో వారికే తెలియును. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట, ఒక నోటు పుస్తకము తీసికొని వారి యింటికి వెళ్లుడి. పై భాగమున ఆనాటి తేదీ వేయుట మరువకుడి.