రామగిరి బంగారము - ఇంజనీరు జీతము

గనుల చదువు ముగించిన కుఱ్ఱవానికి జీతమెంత వచ్చునని తల్లిదండ్రులు అడుగుట సహజము. జవాబునకై దూరదేశములకు పోనక్కరలేదు. హిందూపురమునుండి ధర్మవరమునకు రైలులో పోవునపుడు పెనుకొండ దాటిన పిమ్మట పడమటి వైపున రామగిరి ప్రాంతము కలదు. ఆ నేల చరిత్రయే ఈ ప్రశ్నకు చాలవరకు సమాధానము.

రామగిరి పలుగురాతి చారలలో బంగారము కలదని పూర్వులెరుగుదురు. వారు త్రవ్వి విడిచిన గుంటలే తరువాతివారికి త్రోవ చూపినవి. 20వ శతాబ్ది తొలి దశకములో, కోలారు గనులను నడపిన జాన్ టేలర్ అండ్ సన్స్ వారి దృష్టి ఇటు మరలినది. పెట్టుబడి లండనుది, రాతిని పగులగొట్టినది మన కూలీ. కోలారులో దొరకు బంగళా, కూలికి పూరిపాక అన్నది నాటి కట్టుబాటు.

1927లో రామగిరి గనులు మూతపడినవి. 1931లో ఇంగ్లండు తన నాణెమును బంగారమునుండి విడదీసెను. 1934లో అమెరికా ఔన్సు ధరను 20.67 డాలర్లనుండి 35 డాలర్లకు పెంచెను. కోలారు ఆ ధరను చూచినది, రామగిరి చూడలేదు. నేర్పు ఒక్కటియే అయినను, ఒకచోట ఉద్యోగము నిలిచెను, మరియొకచోట పోయెను.

చదువు ఉన్నంతమాత్రమున పదవి దక్కునా? ప్రమథనాథ బోసు 1880లో భూగర్భ పరిశోధన శాఖలో చేరెను. 1903లో ఆయనకంటె చిన్నవాడైన హాలండునకు అధ్యక్షపదవి నిచ్చిరి. బోసు రాజీనామా చేసి మయూరభంజ్ చేరెను. అచ్చట ఆయన గుర్తించిన ఇనుప ఖనిజమే టాటావారి ఉక్కు కర్మాగారమునకు ఆధారమైనది. ఆ శాఖకు తొలి భారతీయ డైరెక్టరుగా ఎం.ఎస్. కృష్ణన్ వచ్చుటకు 1951 వరకు ఆగవలసివచ్చెను.

ఈలోగా 1926లో ధన్‌బాదున గనుల విద్యాలయము వెలసెను. తగిన అర్హత లేనివాడు గనికి మేనేజరు కారాదని 1952 నాటి గనుల చట్టము విధించెను. కావున డిగ్రీతో ఉద్యోగము దొరకినను, భూమి క్రింద పనిచేసి, పరీక్ష నిచ్చి సంపాదించిన యోగ్యతాపత్రమే పై మెట్టునకు తాళపుచెవి. వందలమంది ప్రాణములకు పూచీ వహించుటయు ఆ జీతములోని భాగమే.

స్వాతంత్ర్యానంతరము, 1980వ దశకములో, ప్రభుత్వరంగమునకు చెందిన భారత్ గోల్డ్ మైన్స్ వారు రామగిరిలో మరల త్రవ్వించిరి. 2001లో కోలారుతోపాటు ఇదియు మూతపడెను. యజమాని మారినను కథ మారలేదు.

కావున తల్లిదండ్రులకు మేము చెప్పునదేమనగా: మొదటి నెల జీతమెంత అని మాత్రమే అడుగకుడు. గనిలో ఇంకను ఎంత ఖనిజము మిగిలియున్నది, అది ఎన్ని ఏండ్లకు వచ్చును, గని మూసినపుడు ఈ విద్య మరియొకచోట పనికివచ్చునా అనియు అడుగుడు. రైతు బావిలో నీరెంత ఉన్నదో చూచిన పిమ్మటనే వరి నాటును. రామగిరి మనకు రెండుమార్లు నేర్పిన పాఠమిదియే.