ఆవాజ్‌కి జోడీ: యాంప్లిఫైయర్, స్పీకర్ల రిష్తా కథ



మొన్న మా ఖాలా కొడుకు ఫోన్ చేశాడు. "భాయ్‌జాన్, అబ్బా పాత స్పీకర్లకి కొత్త యాంప్లిఫైయర్ కొందామనుకుంటున్నా. దుకాణంలో 40 వాట్లదీ, 100 వాట్లదీ వినిపించారు. పెద్దది జబర్దస్త్‌గా ఉంది. ధర మాత్రం మూడింతలు. అబ్బాకి ఈమధ్య నాత్‌లు సరిగ్గా వినిపించడం లేదు, అందుకే పెద్దదే తీసుకుందామని" అన్నాడు.

జర సబర్ చెయ్యమన్నాను. వాడు అడిగిన సవాల్ దాదాపు వందేళ్ళ నాటిది. దాని తవారీఖ్ తెలిస్తే జేబుకే ఫాయిదా.

1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ ఆడియాన్ అనే గాజు వాల్వ్ తయారుచేశాడు. సన్నని విద్యుత్ సంకేతాన్ని పెద్దది చేసే దారి దాంతోనే తెరుచుకుంది. 1925లో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసే చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ కాగితపు కోన్, అయస్కాంతం మధ్య కదిలే తీగచుట్టతో స్పీకర్ చేసి చూపించారు. ఇవాళ మన ఇళ్ళలోని స్పీకర్లు చాలావరకు ఆ ఉసూల్ మీదే నడుస్తున్నాయి. మరుసటి ఏడాది అది బజారుకొచ్చినప్పుడు యాంప్లిఫైయర్ కూడా అదే పెట్టెలో ఉంది. అంటే మొదట్లో ఈ రెండూ జోడీగానే పుట్టాయి. విడివిడిగా అమ్మడం మొదలయ్యాకే రిష్తా కుదర్చడం అనే ముసీబత్ వచ్చింది.

యాంప్లిఫైయర్ ఆవాజ్‌ని పెంచుతూనే పాడుచేసేది కూడా. 1927 ఆగస్టు 2న హెరాల్డ్ బ్లాక్ అనే ఇంజనీరు న్యూయార్క్‌లో పడవ మీద ఆఫీసుకు పోతూ న్యూస్‌పేపర్ కాగితం మీదే దీనికి ఇలాజ్ రాసుకున్నాడు. బయటికొచ్చే సంకేతంలో కొంత భాగాన్ని తిరగేసి మళ్ళీ లోపలికి పంపితే, యాంప్లిఫైయర్ తన గల్తీని తానే దిద్దుకుంటుంది. 1947లో ఇంగ్లండ్‌లో డి.టి.ఎన్. విలియమ్సన్ ఇదే కిటుకుతో 15 వాట్ల యాంప్లిఫైయర్ నమూనా వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో అచ్చేశాడు. షౌకీన్లు ఎందరో దాన్ని చూసి ఇంట్లోనే తయారుచేసుకున్నారు. ఆ రోజుల్లో ఒక ఇంటికి 15 వాట్లంటే బహుత్!

మరి వాట్ల పిచ్చి ఎలా మొదలైంది? 1954లో ఎడ్గార్ విల్చర్, హెన్రీ క్లాస్ అమెరికాలో అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ పెట్టారు. వాళ్ళ ఏఆర్-1 చిన్న మూసిన పెట్టె, కానీ లోతైన బేస్ పలికేది. బదులుగా ఎక్కువ వాట్లు తినేది. అలాంటి స్పీకర్‌కి బలమైన యాంప్లిఫైయర్ నిజంగానే జరూరీ.

దీనికి ఉల్టా కిస్సా కూడా ఉంది. 1957లో ఇంగ్లండ్‌లో పీటర్ వాకర్ క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్ తెచ్చాడు. అదే కంపెనీ 15 వాట్ల వాల్వ్ యాంప్లిఫైయర్‌తో దానికి చక్కగా కుదిరింది. తర్వాత వచ్చిన భారీ ట్రాన్సిస్టర్ యాంప్లిఫైయర్లు తగిలిస్తే ఆ నాజూకు స్పీకర్ చెడిపోయే ఖత్రా ఉండేది.

1978లో క్వాడ్ యాంప్లిఫైయర్లు మూడింటిని, ఒక పాత వాల్వ్‌దీ, రెండు ట్రాన్సిస్టర్‌వీ, పోల్చి చూశారు. ఆవాజ్ స్థాయి సమానం చేసి, ఏది మోగుతోందో చెప్పకుండా వినిపించారు. తేడాని భరోసాగా ఎవరూ పట్టలేకపోయారు. దుకాణంలో ఇలా చేయరు. రెండింటిలో కాస్త గట్టిగా మోగేదే మన చెవికి బెహతర్ అనిపిస్తుంది. అది ఇన్సాఫ్ కాదు.

ఇక హిసాబ్ చూద్దాం. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్లు. 40 నుంచి 100కి పోతే 4 డెసిబెల్లు. చెవికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే దాదాపు పదింతల వాట్లు, అంటే 400 కావాలి! అదే 87 డెసిబెల్ల స్పీకర్ బదులు 90 డెసిబెల్లది ఉంటే, సగం వాట్లతోనే అంత ఆవాజ్ వస్తుంది. కాబట్టి ముందు స్పీకర్ వెనక రాసిన ఓమ్‌లు చూడండి. 4 ఓమ్‌ల స్పీకర్ 8 ఓమ్‌లదానికన్నా రెట్టింపు కరెంటు లాగుతుంది, యాంప్లిఫైయర్ దాన్ని మోయగలగాలి. తర్వాత సెన్సిటివిటీ, గది సైజు చూడండి. వాట్ల సంగతి ఆ తర్వాతే. అలాగని మరీ చిన్నది తెచ్చి ఆఖరిదాకా తిప్పినా ఆవాజ్ చిట్లుతుంది, చిన్న స్పీకర్లు కాలిపోవచ్చు.

తమ్ముడికి ఇదంతా చెప్పి, "రెండింటి ఆవాజ్ సమానం చేయించి, నువ్వు అటు తిరిగి కూర్చుని విను" అన్నాను. సాయంత్రం మళ్ళీ ఫోన్ చేశాడు. "ఫరక్ తెలియలేదు భాయ్‌జాన్. చిన్నదే తీసుకున్నా."

"మిగిలిన పైసలేం చేస్తావ్?"

"సోమవారం అబ్బాని చెవి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నా."

అల్హమ్దులిల్లాహ్. అసలు అక్కడే మొదలుపెట్టాల్సింది.