ఎర్రమంచి దాకా టర్బో ప్రస్థానం

ఇంజను వదిలే పొగ వేగంతో చక్రాన్ని తిప్పి సిలిండర్లలోకి అదనపు గాలిని నెట్టే టర్బోచార్జరుకు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంటు పొందగా, అది ఓడల, విమానాల ఇంజన్లలో స్థిరపడి, 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కార్వేర్‌లతో పెట్రోలు కార్లలోకి ప్రవేశించింది. ఒత్తిడి పెరిగిన గాలిలో ఇంధనం అదుపు తప్పి మండే 'నాకింగ్'ను ఆపడానికి జెట్‌ఫైర్‌లో నీరు, మెథనాల్ కలిపిన ద్రవాన్ని చిమ్మవలసి వచ్చేది. తరువాతి కాలపు ఎలక్ట్రానిక్ నియంత్రణ, సిలిండరులోకే పెట్రోలును చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఆ చిక్కును చాలావరకు తీర్చాయి.

రాయలసీమలో పెనుకొండ సమీపాన ఎర్రమంచిలో వెలసిన కియా కర్మాగారం నుంచి 2019లో సెల్టోస్, 2020లో సోనెట్ రావడంతో ఈ పరిజ్ఞానం తెలుగు నేలపై తయారయ్యే కార్లలోనూ చోటు చేసుకుంది. సోనెట్‌లోని 998 సీసీ, మూడు సిలిండర్ల టర్బో ఇంజను సుమారు 120 హార్స్‌పవర్ శక్తిని, 172 న్యూటన్ మీటర్ల టార్క్‌ను, అంటే తిప్పుడు బలాన్ని ఇస్తుంది.

అయితే డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వులను తాకి కడగదు గనుక వాటిపై మసి పేరుకోవడం, తీవ్రమైన వేడికి టర్బో బేరింగుల్లోని ఆయిల్ మాడి గట్టిపడడం ఈ తరహా ఇంజన్లకు సాధారణ సమస్యలు కాబట్టి, నిర్దేశించిన రకం ఆయిల్‌ను గడువులోగా మార్చడమే వాటి ఆయుష్షుకు ప్రధాన రక్షణ.