కరువును కదలొద్దన్న దొర

ధాత కరువుకు ఈ ఏడాదితో నూట యాభై ఏళ్లు. 1876లో ధాత నామ సంవత్సరం వచ్చింది, వాన రాలేదు. కడప సీమలో పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. అంటే నీళ్ల బెంగ మనకు అప్పటికే ఉంది. 1800లో నిజాం కడపను కుంపిణీకి ధారపోశాడు, 1839లో కర్నూలు నవాబు గద్దె దిగాడు, అలా ఈ సీమ దొరల చేతికొచ్చింది. ఐదొందల ఏళ్లను ఇంత తొందరగా దాటేస్తున్నందుకు మన్నించండి, నా ధ్యాసంతా ఒక కెమెరా మీదుంది.

అది విల్లబీ వాలెస్ హూపర్‌ది. మద్రాసు అశ్వికదళంలో అధికారి. పులివేటను నాటకంలా ఘట్టాలు కట్టి ఫొటోలు తీసిన మనిషి. కరువొచ్చాక మద్రాసు రాజధానిలో ఎముకల పోగుల్లాంటి జనాన్ని వరసగా కూర్చోబెట్టి తీశాడు. గాజు పలకకు మందు పూసి, తడి ఆరేలోగా ఫొటో తీయాల్సిన రోజులవి. కాసేపు కదలకూడదు. గంజి దాకా నడిచే ఓపిక లేనివాళ్లకు అదేమంత కష్టం కాలేదేమో! తీసి, తిండైనా పెట్టకుండా పంపేశాడని ఆడిపోసుకున్నవాళ్లూ ఉన్నారు.

ఢిల్లీలో 1877 జనవరి 1న విక్టోరియా రాణి పేర దర్బారు జరిగింది. ఆ నెలలోనే కరువు చూసి రమ్మని వైస్రాయ్ పంపిన రిచర్డ్ టెంపుల్ దొర దక్షిణాదికి వచ్చి, కరువు పనిలో మగ కూలీకి రోజుకు పౌను ధాన్యం, అంటే అరకిలో కన్నా తక్కువ, చాలన్నాడు. మద్రాసు టైమ్స్ సంపాదకుడు విలియం డిగ్బీ ఈ కరువు మీద రెండు సంపుటాలు రాశాడు. 1881 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా పదేళ్ల కిందటి కన్నా నాలుగో వంతు తరిగిపోయింది.

హూపర్ నిజ స్వరూపం నాకు కనిపించేది మాత్రం మాండలేలో. బర్మా యుద్ధంలో అతను సైనిక పోలీసు పెద్ద. ఖైదీలను కాల్చి చంపేటప్పుడు, గుళ్లు తగిలే క్షణం ఫొటోలో పడాలని, కెమెరా సిద్ధమయ్యే దాకా వాళ్లను నిలబెట్టాడని 1886 జనవరిలో లండన్ టైమ్స్ విలేఖరి బయటపెట్టాడు. పార్లమెంటులో గోల, ఆపైన విచారణ. చివరికి మందలించి వదిలేశారు. మరుసటి ఏడాదే బర్మా ఫొటోలు వంద అచ్చేసుకున్నాడు. 1912లో ఇంగ్లండులో పోయాడు.

ఇప్పుడా కరువు ఫొటోలు ఫోన్లలో తిరుగుతున్నాయి, చాలాసార్లు 1943 బెంగాల్ కరువు పేరుతో. తీసినవాడి పేరూ ఉండదు, అందులో కూర్చున్నవాళ్ల ఊరూ ఉండదు. మీ ఇంట్లో అవ్వాతాతల నోట ధాత కరువు కబురేదైనా మిగిలుంటే, పేర్లతో సహా రాసి పెట్టండి.