పూత చూడకుండా పోయిన పూల రైతు

ఈరోజు మన పొలంలో రాని ఒక పువ్వు కథ చెప్తాను. పేరు పియోనీ. అరచేయంత పువ్వు, రేకల మీద రేకలు. దీనికి చలికాలంలో గట్టి చలి తగలాలి, లేకపోతే మొగ్గే వెయ్యదు. అందుకే మన మైదానాల్లో కనపడదు.

ఇందులో తోటల్లో పెంచేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి మెత్తకాడ రకం. చలికాలంలో పైనంతా ఎండిపోయి, వసంతంలో దుంప నుంచి మళ్ళీ చిగురిస్తుంది. రెండోది చెట్టు రకం. ఆకు రాలినా కట్టె నిలబడుతుంది. చైనాలో వెయ్యేళ్ళ కిందటే లొయాంగ్ నగరం ఈ చెట్టు రకానికి పేరు.

మెత్తకాడ తోట రకాల్లో తెలుపు, గులాబి, ఎరుపు ఉన్నాయి గానీ నిండు పసుపు లేదు. 1880ల్లో దెలావే అనే ఫ్రెంచి మిషనరీకి చైనాలోని యునాన్ కొండల్లో పసుపు పూల అడవి పియోనీ దొరికింది. దాన్ని ఫ్రాన్సులో నాన్సీ పట్టణంలోని లెమోయిన్ కుటుంబం తోట చెట్టు రకాలతో కలిపి పసుపు రకాలు తీసింది. వాటిలో ఒకటి 'ఆలిస్ హార్డింగ్'.

ఆ పసుపుని మెత్తకాడ మొక్కలోకి తేవాలి. రెండూ దూరపు చుట్టాలు, గింజ పట్టదు. చాలామంది ప్రయత్నించి వదిలేశారు. జపాన్‌లో తోయిచి ఇతో మాత్రం వదల్లేదు. 'కకోడెన్' అనే తెల్లపువ్వు మీద ఆలిస్ హార్డింగ్ పుప్పొడి రాశాడు. సీడు పత్తిలో క్రాసింగ్ చేసే మన ఆడవాళ్ళకి ఈ పని ఎంత ఓపికో చెప్పక్కర్లేదు. కాకపోతే పత్తిలో ఆ సీజన్లోనే కాయ పగులుతుంది. ఇక్కడ ఏళ్ళు గడిచినా ఫలితం లేదు. చివరికి 1948లో గింజ పట్టింది.

పియోనీ గింజ మొదట వేరు దించుతుంది, మొలక పైకి రావడం తర్వాతి మాట. పువ్వు చూడాలంటే ఇంకా నాలుగైదేళ్ళు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. మొక్కలు బతికాయి గానీ పూత రాకముందే 1956లో ఇతో చనిపోయాడు.

ఆయన దగ్గర పనిచేసిన ఓషిదా ఆ మొక్కల్ని పీకెయ్యకుండా సాకాడు. 1960ల్లో పూశాయి. పసుపు! లూయీ స్మిర్నోవ్ అనే అమెరికా ఆయన ఇతో భార్య దగ్గర అనుమతి తీసుకుని మొక్కలు తెప్పించుకుని, 1974లో నాలుగు రకాలు నమోదు చేయించాడు. ఇప్పుడు ప్రపంచమంతా వాటిని 'ఇతో పియోనీలు' అంటోంది. వీటికి మామూలుగా గింజ పట్టదు. కళ్ళున్న దుంప ముక్కలు విడదీసి నాటుకోవాల్సిందే. మెత్తకాడ రకాన్నీ అలాగే విడదీస్తారు. దాని కళ్ళ మీద రెండు అంగుళాలకి మించి మట్టి పడితే ఆకు వస్తుంది, పూత రాదు.

చరిత్రలో ఇతో పేరు నిలిచింది. నాకు మాత్రం ఓషిదానే ఎక్కువ గుర్తుంటాడు. పూస్తాయో లేదో తెలియని మొక్కలకి, యజమాని పోయాక కూడా ఏళ్ళ తరబడి నీళ్ళు పోశాడు. మన దగ్గర తాటి టెంక పాతినవాడు ముంజలు తింటానని పాతడు. కానీ వాడి తర్వాత ఆ మొక్కని గొర్రెల నోట పడకుండా కాసేవాడు ఒకడుండాలి.

మీ చేలో మీరు నాటనిది, మీరు కాపాడుతున్నది ఏముందో కింద రాయండి.